సెకనుకు ముప్ఫై సూర్యులు

3 జూన్ 2025, మంగళవారం

బగ్గుల జాబితాలో ఇవాళ అన్నిటికంటే పైనున్నది: "వీడియో సరిగ్గా రావట్లేదు." అంతే. ఏ కంప్యూటరు, ఏ సైజు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఏదీ లేదు. రాసినాయన మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక హైస్కూలు సైన్సు సారు. మా ఖగోళ సిమ్యులేటర్‌ని దించుకుని పిల్లలకి గ్రహణాలు చూపిస్తుంటారట. ప్రొజెక్టరు ఉన్న రోజు కరెంటుండదు, కరెంటున్న రోజు ఆ గది ఖాళీ ఉండదు. అందుకని ముందే వీడియో తీసి ఫోన్లో పెట్టుకుందామని ఆయన ఆలోచన. 12న బడులు తెరుస్తారు. ఆలోపు కావాలి.

ఫోన్ చేశాను.

"ఎక్కడ ఆగిపోతోంది సార్?"

"పదకొండు పన్నెండు సెకన్లకమ్మా. అక్కడిదాకా బాగనే ఉంటది, ఆ తర్వాత ఫైలు పెరగదు."

ఆ పదకొండుతోనే సంగతి అర్థమైపోయింది. మెనూలో 1920×1080 ఎంచుకుని, కంప్రెషన్ వద్దని పెట్టారు. చుక్కకి (పిక్సెల్‌కి) మూడు బైట్ల చొప్పున ఒక్క ఫ్రేమే 62,20,800 బైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే 18 కోట్ల 66 లక్షలు. పాత రకం ఏవీఐ ఫైలు 2 జీబీ దాటనివ్వదు. భాగిస్తే పదకొండున్నర సెకన్లు. తర్వాత వచ్చిన ఓపెన్‌డీఎమ్‌ఎల్ పద్ధతిలో ఆ హద్దు పోయింది గానీ, మా వాళ్ళు రాసిన కోడు ఆ కొత్త పద్ధతి దాకా పోలేదు. హద్దు ఉంటే ఉంది, అక్కడికి చేరగానే ఒక్క మాట చెప్పాలి కదా. చెప్పదు. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంటుంది, రికార్డవుతోందనే మనం అనుకుంటాం.

ప్రస్తుతానికి కంప్రెషన్ పెట్టుకుని తీయమన్నాను. "అట్ల తీస్తే గెంతుతది మేడమ్" అన్నారు. అదీ అసలు కథ.

పరీక్షకి ఏ ఆకాశం పెట్టుకోవాలా అని ఎక్కువ ఆలోచించలేదు. 1980 ఫిబ్రవరి 16, రంగాపూర్. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ రోజు మన మీదుగా పోయింది. ఇబ్రహీంపట్నం దాటాక జపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోపున్న పరిశోధనశాల సరిగ్గా ఆ దారిలో పడింది. మధ్యాహ్నం మూడుముప్పావు ప్రాంతంలో రెండు నిమిషాల పైచిలుకు చీకటి.

గ్రహణం ఎందుకంటే, దానికి జవాబు ముందే ఉంది. సినిమాలో ఒక ఫ్రేము జారిపోతే ఎవరికీ తెలీదు. కథ నడిచిపోతుంది. ఇక్కడ ఫలానా క్షణాన, ఫలానా ఊరి నుంచి చూస్తే చంద్రుడు సూర్యుడిని ఎంత మేర కమ్మి ఉండాలో లెక్క ఉంది. ప్రతి ఫ్రేమునీ నిలబెట్టి అడగొచ్చు: నువ్వు ఏ క్షణానివి? "చూడ్డానికి బాగానే ఉంది" అన్నది ఇక్కడ జవాబు కాదు.

4 జూన్, బుధవారం

కాలాన్ని పది రెట్లు వేగంగా పెట్టి రికార్డు చేశాను. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేముకి ఆకాశంలో సెకనులో మూడో వంతు గడవాలి. అంటే తెర మూలన గడియారంలో ప్రతి సెకనూ సరిగ్గా మూడు ఫ్రేముల్లో కనిపించాలి. వీడియోని ఎఫ్ఎఫ్‌ఎమ్‌పెగ్‌తో విడివిడి బొమ్మలుగా ఊడదీసి, ఆ అంకెలు వరసగా చదువుకుంటూ పోయాను. 15:44:06 మూడు బొమ్మల్లో ఉంది. 07 ఒక్కదాంట్లోనే. 08 అసలు లేనే లేదు. 09 అయిదింట్లో.

విశాఖ కుర్రాడికి (ఈ భాగం కోడు రాసేది అతనే) ఫోన్ చేస్తే ఎప్పటి మాటే: "నా దగ్గర బానే వస్తోంది అక్కా." వస్తుంది మరి. అతని మెషీన్లో గ్రాఫిక్స్ కార్డు ఉంది. సారు దగ్గర ఉన్నది పాత లాప్‌టాప్. ఫ్రేము గీయడం, దాన్ని గ్రాఫిక్స్ మెమరీ నుంచి వెనక్కి తెచ్చుకోవడం, కుదించి డిస్కుకి రాయడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి. దానికి సెకనులో ముప్ఫయ్యో వంతు చాలదు. ఈలోగా మా ప్రోగ్రాం గోడ గడియారం చూసి సూర్యుణ్ణి ముందుకి జరిపేస్తోంది. కెమెరా వెనక పడిపోయింది, ఆకాశం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

సెలెస్టియా అనే ఖగోళ ప్రోగ్రాంలో ఈ చిక్కుని ఎప్పుడో విప్పారు. 2001లో క్రిస్ లారెల్ బయటికి తెచ్చిన ఆ ప్రోగ్రాంలో, మామూలప్పుడు కాలం కంప్యూటరు గడియారాన్ని బట్టి నడుస్తుంది. సినిమా రికార్డు చేస్తున్నంతసేపూ మాత్రం ఒక్కో ఫ్రేముకి ఇంత అని బిగించేస్తారు. ఫ్రేము గీయడానికి రెండు సెకన్లు పట్టినా ఆకాశంలో కదిలేది ఆ కాస్తే. సోర్సు కోడు అందరికీ తెరిచే ఉంది, వెళ్ళి చూడమన్నాను.

మా వాళ్ళలో ఒకాయన సలహా: "ఇదంతా ఎందుకు, ఓబీఎస్‌తో తెరని రికార్డు చేసుకోమనండి." తెర రికార్డరు తెర మీద కనిపించిందే పట్టుకుంటుంది, దాని తప్పేం లేదు. తెరే తడబడుతుంటే తడబాటునే నమ్మకంగా దాచిపెడుతుంది. అయిదు నిమిషాల వీడియోకి గంటన్నర తీసుకున్నా సరే, ఒక్క ఫ్రేమూ పోకుండా రాయడం ప్రోగ్రాం లోపలి నుంచి మాత్రమే అవుతుంది. బళ్ళో ఉన్న లాప్‌టాప్‌కి టైముంది, బలం లేదు.

6 జూన్, శుక్రవారం

విశాఖ కుర్రాడు ఒక్కో ఫ్రేముకి కాలపు అడుగు బిగించి కొత్త బిల్డ్ పంపాడు. ఊడదీసి చూశాను. ఎగుడుదిగుడు ఇంకా ఉంది, కానీ తీరు మారింది. మొన్నటిది తాగినవాడి నడక, ఇది కుంటి నడక. మూడు, మూడు, రెండు, మూడు, రెండు, అలా ఒక పద్ధతి ప్రకారం కుంటుతోంది. డిస్కో మెమరీయో కారణమైతే ఇంత శ్రద్ధగా కుంటదు. ఇది లెక్కల్లోని లోపం.

అతను రాసిన రికార్డింగ్ స్క్రిప్టు తెరిచాను. ప్రతి ఫ్రేముకీ కాలాన్ని జూలియన్ రోజుల్లో పెడుతున్నాడు. ఖగోళవేత్తలు తేదీల గొడవ లేకుండా రోజుల్ని వరసగా లెక్కపెట్టుకునే పద్ధతి అది. రంగాపూర్‌లో మూడుముప్పావుకి ఆ అంకె 2444285.92708. చుక్క తర్వాత అయిదు అంకెలు. చూడ్డానికి ఎంతో సూక్ష్మంగా ఉంది కదా. కానీ రోజులో లక్షో వంతంటే 0.864 సెకను. మాకు కావలసిన అడుగు 0.333. అంటే సూర్యుడు రెండు మూడు ఫ్రేములు ఒకే చోట నిలబడి, తర్వాత ఒక్క గెంతు గెంతుతున్నాడు. అంకెని ఎక్కడో అక్షరాలుగా మార్చి స్క్రిప్టుకి ఇచ్చేటప్పుడు అయిదు దశాంశాలకి కత్తిరిస్తున్నారు.

కత్తిరించకుండా ఉంటే ఇబ్బంది లేదు. 64 బిట్ల అంకెలో ఇంత పెద్ద రోజు సంఖ్య పెట్టినా సెకనులో పాతికవేలో వంతు దాకా చోటు మిగులుతుంది. అదే ఎవరైనా పొదుపు చేద్దామని 32 బిట్ల అంకెలో పెడితే కనిష్ఠ అడుగు పావు రోజు. రోజు మొత్తానికి నాలుగే సూర్యులు! నవ్వులాటకని ఒకసారి అలాగే పెట్టి చూశాను. సూర్యుడు ఆరేసి గంటలకి ఒక్క దూకు. ఆ వీడియో కుర్రాడికి పంపితే చాలాసేపు నవ్వుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, వేరే ఫైల్లో తను అలా ఒకచోట పెట్టాడేమో చూస్తానన్నాడు.

8 జూన్, ఆదివారం

మిరుగం. మా ఆయన పొద్దున్నే చేపలకి పోయి, రెండు గంటలు లైన్లో నిలబడి, బొచ్చె చేపలు తెచ్చాడు. మృగశిర కార్తె మొదటి రోజు చేప తినకపోతే అత్తయ్య ఊరుకోరు. పనిలో పనిగా సిమ్యులేటర్‌లో ఇవాళ్టి సూర్యుణ్ణి పెట్టి చూశాను. నిరయన లెక్కలో మృగశిర నక్షత్రం భాగం 53 డిగ్రీల 20 నిమిషాల దగ్గర మొదలవుతుంది. సూర్యుడు ఆ గుమ్మం దగ్గరే ఉన్నాడు. పంచాంగానిదీ మాదీ ఒకటే మాట.

అత్తయ్య పక్కన కూర్చుని రంగాపూర్ వీడియో చూశారు. ఆవిడ పుట్టిల్లు ఇబ్రహీంపట్నం దగ్గరే, ఆ గ్రహణం నాడు అక్కడే ఉన్నారు.

"చూశారా అత్తయ్యా?"

"యాడ సూసుడు బిడ్డా. మీ ఆయన కడుపుల ఉండె. తలుపులన్ని బంద్ జేసి, కిటికీలకు దుప్పట్లు గట్టి కూసోబెట్టిన్రు. మా నాయనమ్మ పచ్చడి జాడీల మీద దర్భ ఏసింది. తాంబాళంల నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. నిలబడ్డది గూడ."

"మరి చీకటి?"

"తలుపు సందుల కెల్లి గానొచ్చింది. కోళ్ళు గంపలకు పోయినయ్. మల్ల ఎల్తురు రాంగనె బయటకొచ్చి కూసినయ్. మా తాత మస్తు నవ్విండు."

ఆవిడ తలుపులేసుకుని కూర్చున్న చోటికి అటు పక్కన పరికరాలు బిగించుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శాస్త్రవేత్తలు. మధ్యలో కాస్త దూరం. రోకలి సూర్యుడి వల్ల కాదు, దాని అడుగు చదునుగా ఉండడం వల్ల మామూలు రోజుల్లోనూ నిలబడుతుందని చెప్పబోయాను గానీ, చేపల పులుసు ముందు పెట్టుకుని వాదనెందుకని మానేశాను.

వీడియో అయ్యాక ఆవిడ అన్నది: "ఇండ్ల కోళ్ళు లేవు గదనె."

9 జూన్, సోమవారం

సారు దగ్గర్నుంచి ఫొటో. కొత్త బిల్డ్‌లో తెర సైజు పెట్టి తీశారట. సూర్యుడు ఏటవాలుగా సాగిపోయి, ఒంటి నిండా ఎరుపూ పచ్చా నీలం చారలు. "గ్రాఫిక్స్ కార్డు పోయిందేమో" అని షాపువాడు చెప్పాడట, మార్చడానికి రేటు కూడా చెప్పాడట. ఒక్క రూపాయి పెట్టొద్దని వెంటనే మెసేజ్ పెట్టాను.

ఆయన తెర 1366×768. దేశంలో చవక లాప్‌టాప్‌లు ఎన్నింటికో ఇదే సైజు. ఒక వరసకి 1366 చుక్కలు, చుక్కకి మూడు బైట్లు, 4098. ఓపెన్‌జీఎల్‌ని బొమ్మ అడిగితే, వేరే చెప్పకపోతే, ప్రతి వరసనీ నాలుగుతో భాగించగలిగే చోట మొదలుపెడుతుంది. 4098 భాగం పోదు. అందుకని రెండు ఖాళీ బైట్లు చేర్చి 4100 చేసి ఇస్తుంది. తీసుకునే మా కోడు 4098 అనుకునే చదువుతుంది. ప్రతి వరసా రెండు బైట్లు పక్కకి జరుగుతూ పోతుంది, అందుకే ఏటవాలు. రెండు బైట్లంటే పూర్తి చుక్క కూడా కాదు, కాబట్టి ఎరుపు స్థానంలో ఇంకో రంగు పడుతుంది, అందుకే చారలు. విశాఖలో తెర 1920. మూడుతో గుణిస్తే 5760, నాలుగుతో చక్కగా పోతుంది. "నా దగ్గర బానే వస్తోంది" కి ఇంతకంటే మంచి ఉదాహరణ నా ఉద్యోగంలో దొరకలేదు. దిద్దుబాటు ఒక్క వరస కోడు.

ఇదే ఊపులో ఇంకోటి దొరికింది. కిటికీని పూర్తి తెర చేయకుండా తీస్తే ఎత్తు 705 అయింది, బేసి సంఖ్య. ఎన్‌కోడరు రంగుని రెండేసి చుక్కల జతలకి రాసుకుంటుంది గనక బేసి సైజు ఒప్పుకోదు. లోపల తప్పు చెప్పింది, మా ప్రోగ్రాం వినలేదు. సున్నా బైట్ల ఫైలు, దాని మీద "రికార్డింగ్ పూర్తయింది" అని పచ్చరంగు సందేశం. పనిచేయకపోతే పోయింది, ఈ పచ్చరంగు దేనికి? దీన్ని చిన్న బగ్గుగా కాదు, పెద్ద బగ్గుగా రాశాను.

10 జూన్, మంగళవారం

బుధుడు పోయాడు.

రంగాపూర్ గ్రహణ సమయంలో బుధుడూ శుక్రుడూ ఇద్దరూ సూర్యుడికి తూర్పు వైపే ఉన్నారు. సూర్యుడు పడమటికి వాలాడు కాబట్టి ఇద్దరూ పైకే కనిపించాలి. మొదట బుధుడు, ఇంకా పైన శుక్రుడు. తెర మీద కనిపిస్తున్నారు. ఫైల్లో మొదటి ఫ్రేములో ఉన్నారు. ఆ తర్వాత బుధుడు మెల్లగా మసకబారి, ఆకాశంలో కలిసిపోయి, ఎనిమిది సెకన్ల తర్వాత ఉన్నట్టుండి మళ్ళీ ప్రత్యక్షం. మళ్ళీ మాయం.

ఎనిమిది సెకన్ల లెక్క తెలిసిందే. ఎక్స్264 ఎన్‌కోడరు మనం మార్చకపోతే 250 ఫ్రేములకోసారైనా పూర్తి బొమ్మ రాస్తుంది. మధ్యలో రాసేదంతా ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడాలే. ఆ తేడాల్లో ఏది ముఖ్యం, ఏది పారేయొచ్చు అన్నది దాని ఇష్టం. ముఖాలూ చెట్లూ కదిలే కార్లూ చూసి పెరిగిన తెలివి అది. నల్లటి నేపథ్యంలో ఒంటరి చుక్క కదిలితే దాన్ని మురికనుకుని తుడిచేస్తుంది. నక్షత్రాల వీడియో అంతా దాని దృష్టిలో మురికే.

రంగుల సంగతి ఇంకో రాత్రి సీను పెట్టి చూశాను. మామూలు వీడియోలో వెలుతురు చుక్క చుక్కకీ ఉంటుంది గానీ, రంగు నాలుగు చుక్కలకి కలిపి ఒకటే. ఆర్ద్ర ఎర్రగా ఉండాలి. ఒక్క చుక్క ఎరుపు చుట్టూ ఉన్న మూడు నల్లచుక్కలతో వాటా పంచుకుని బూడిదరంగుకి వచ్చింది. రంగుని పూర్తిగా రాసే పద్ధతి ఉంది, కానీ చాలా ఫోన్లలో ఆ ఫైలు ఆడదు. సారు చూపించేది ఫోన్లోనే.

కుర్రాడూ నేనూ దీని మీద గట్టిగానే వాదించుకున్నాం. నాణ్యత అంకెని 23 నుంచి 16కి దించుదామన్నాడు (ఎక్స్264లో అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, ఫైలు లావెక్కుతుంది). సరే అన్నాను. దానితోపాటు రికార్డింగ్‌లో నక్షత్రాల్ని రెండు మూడు చుక్కల వెడల్పున గీయాలన్నాను.

"అది అబద్ధం కాదా అక్కా? నక్షత్రం బిందువు కదా."

"ఒక్క చుక్క మాత్రం నిజమా? లెక్క వెయ్యి."

వేశాం. 90 డిగ్రీల ఆకాశాన్ని 1920 చుక్కల్లో పెడితే ఒక్కో చుక్క సగటున 169 ఆర్క్‌సెకన్లు. సూర్యబింబమే పదకొండు చుక్కల వెడల్పు. ఆ రోజు బుధుడి బింబం సుమారు 7 ఆర్క్‌సెకన్లు. ఒక్క చుక్కగా గీసినా ఇరవై రెట్ల పైనే పెద్దది చేసినట్టు. తెర మీద చిన్న బుధుణ్ణి ఎవరూ గీయలేరు. మన చేతిలో ఉన్నది కనిపించే బుధుడా, కనిపించనివాడా అన్నదే. వెలుతురు మొత్తం మారకుండా పరిచి గీద్దామని ఒప్పందానికి వచ్చాం. అది అతని షరతు, మంచి షరతు.

పాలపుంత అంచుల్లో చారలు మాత్రం ఇంకా ఉన్నాయి. 8 బిట్లలో నలుపుకీ ముదురు బూడిదకీ మధ్య ఉన్న మెట్లే తక్కువ. కాస్త ఇసుకలాంటి గరుకు కలిపితే కంటికి తెలియదు గానీ, ఆ గరుకుని మళ్ళీ ఎన్‌కోడరు తుడిచేస్తుంది. ఈ వారం దీని జోలికి పోను.

11 జూన్, బుధవారం

చివరి పరీక్ష నా కంటికి వదల్లేదు. ఫ్రేములన్నీ ఊడదీసి, ఒక్కోదాంట్లో సూర్యుడి చోట వెలుతురు ఎంతో కొలిచే చిన్న స్క్రిప్టు రాశాను. ఎక్కడ టక్కున పడిపోయిందో అది రెండో స్పర్శ (పూర్తి చీకటి మొదలు), ఎక్కడ మళ్ళీ లేచిందో అది మూడోది (చీకటి ముగింపు). ప్రోగ్రాం తన లెక్కతో రంగాపూర్‌కి చెప్పే సమయాలు వేరే ఉన్నాయి. పది రెట్ల వేగంలో రెండు నిమిషాలకే 360 ఫ్రేములు, ఆ పైచిలుకుకి ఇంకొన్ని. రెండు చివర్లూ ఒక్క ఫ్రేము లోపే కలిశాయి. బుధుడు మొదటి నుంచి చివరిదాకా ఉన్నాడు. గడియారంలో ప్రతి సెకనుకీ మూడు బొమ్మలు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

సారు లాప్‌టాప్ రాత్రంతా ఆన్‌లో పెట్టి తీశారు. పొద్దున్నకి ఫైలు తయారు. నా దగ్గర తీసిన దానితో అంకెకి అంకె సరిపోయింది. బలం ఉన్న మెషీనూ లేని మెషీనూ ఒకే ఆకాశం రాశాయి. నేను ఈ పనిలో అడిగేది ఇంతే.

16 జూన్, సోమవారం

సారు ఫోన్. తొమ్మిదో తరగతికి చూపించారట. ఒక పిల్ల లేచి, "మనూళ్ళ మల్లెప్పుడు వస్తది సార్?" అని అడిగిందట. ఇంకో దేశంలో తొందర్లో వచ్చేదైనా చూపిద్దామని ఆయన 2027 ఆగస్టు 2 పెట్టుకున్నారు. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటి చీకటి. పది రెట్లు వద్దట, అసలు వేగంలోనే కావాలట. "పిల్లలు ఆరు నిమిషాలు కూసోని చూడాలె మేడమ్. గంతసేపు ఉంటదని తెల్వాలె." ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదు.

ఆరు నిమిషాల ఇరవై సెకన్లనుకుంటే 11,400 ఫ్రేములు. ఈసారి నాణ్యత తగ్గకూడదని మళ్ళీ 1920×1080లో, కంప్రెషన్ లేకుండా మొదలుపెట్టారు. 2 జీబీ హద్దు ఈ బిల్డ్‌లో తీసేశాం కాబట్టి ప్రోగ్రాం సరేనంది. అది 71 జీబీ అవుతుంది. ఆయన డిస్కులో ఖాళీ 40. ఎక్కడ ఆగిందో చెప్పనక్కర్లేదు. లాప్‌టాప్ కూడా ఆగిపోయింది, మళ్ళీ లేపడానికి సాయంత్రం దాకా పట్టిందట.

కొత్త బగ్గు రాశాను. రికార్డింగ్ మొదలుపెట్టకముందే ఫ్రేముల సంఖ్య, సైజు లెక్కగట్టి డిస్కులో చోటు చూడాలి, చాలకపోతే మొదలుపెట్టకూడదు, ఎంత కావాలో ఎంత ఉందో రెండంకెలూ తెర మీద చూపించాలి. తీవ్రత: ఎక్కువ. కుర్రాడు చూసి, "ఇవాళ రాత్రికి చేసేస్తా అక్కా, కానీ తెలుగులో ఆ సందేశం నువ్వే రాసిపెట్టు" అన్నాడు. రాయాలి. లక్సర్‌కి అక్షాంశం రేఖాంశం కూడా సారుకి పంపాలి. ఆయన కైరో పెట్టుకున్నట్టున్నారు, అక్కడ పాక్షికమే.